తువ్వాల, పార, ఒక మెయిలు ఫైలు

జనగామలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో అన్నిటికన్నా పాత వస్తువు మెయిళ్లు దాచే కంప్యూటరు. అందరికన్నా పాత మనిషి రిపోర్టుల టేబులు దగ్గర కూర్చునే అక్క. ఆమెది కొడకండ్ల. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతుంది. నేను చేరేనాటికే ఆ కుర్చీలో ఆమెకు పదకొండేళ్లు.

మా ల్యాబుకు మహబూబాబాద్‌లో ఒక సెంటరు, భూపాలపల్లిలో ఒక సెంటరు ఉన్నాయి. అక్కడ నెత్తురు తీసి మిషన్లో పెడతారు. వచ్చిన అంకెలనూ, స్లయిడు ఫొటోలనూ మెయిల్లో జనగామకు పంపుతారు. ఇక్కడ డాక్టరు చూసి సంతకం పెడితేనే అది రిపోర్టు. ఆ మెయిళ్లన్నీ ఒకే ఫోల్డర్లో పడతాయి. ఫోల్డరంటే సంచి లాంటిదని చాలామంది అనుకుంటారు. మా పాత కంప్యూటర్లో అది ఒక్కటే ఫైలు. ఒక ఉత్తరం కింద ఇంకో ఉత్తరం, దాని కింద మరొకటి, పొడుగాటి కాగితపు చుట్టలాగా. కొత్తది వస్తే చివర అతుక్కుంటుంది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, తక్కిన కథంతా తేలిగ్గానే అర్థమవుతుంది.

చేరిన నెలలోనే నేను పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రతి ఐదు నిమిషాలకు అది లేచి, ఆ ఫైలు మొత్తం చదివి, జనగామ మెయిళ్లను ఒక ఫోల్డరుకు, మహబూబాబాద్‌వి ఇంకోదానికి, భూపాలపల్లివి మూడోదానికి సర్ది, అసలు ఫైలును ఖాళీ చేసి పడుకుంటుంది. అంతకు ముందు అక్క ఈ పని చేత్తో చేసేది.

"మంచిగ చేసినవ్ తమ్మీ, నెత్తి మీది మోపు దించినవ్" అంది.

ఆ మాటతో వారం రోజులు నేను నేల మీద నడవలేదు. తండా నుంచి వచ్చి ఇంజనీరింగు చదివినవాణ్ని. నేను రాసిన నలభై వరుసలు మూడు జిల్లాల మెయిళ్లను సర్దుతున్నాయంటే గర్వం ఉండదా మరి.

అక్క మాత్రం తన పొడుగు నోటుబుక్కు వదల్లేదు. కొత్త మెయిలు వచ్చినట్టు కంప్యూటరు టింగుమనగానే తెర మీద కనిపించే శాంపిల్ నెంబరూ, గోడ గడియారంలో టైమూ రాసుకునేది.

"కంప్యూటర్ల ఉన్నది గదక్కా, మళ్ల రాసుడెందుకు?" అన్నాను ఒకసారి.

"కంప్యూటరుకు యాదికుంటది. నాకుండొద్దా?"

రెండో నెలలో మెయిళ్లు మాయమవడం మొదలైంది. వారానికి రెండు, ఒక్కో వారం మూడు. మొదట మాకు తెలియనే తెలియదు. రిపోర్టు కోసం వచ్చిన మనిషి సెంటరులో గొడవ పెట్టుకుంటేనే బయటపడేది. ఒకరోజు మహబూబాబాద్ సెంటరు వాళ్లు ఫోను ఒక అవ్వ చేతికే ఇచ్చేశారు. అక్క స్పీకరు నొక్కింది.

"మూడు దినాల సంది తిరుగుతున్న బిడ్డా. ఆటోల వచ్చుడు, ఉత్త చేతులతోని పోవుడు. కాయితం లేకుంటె పాయె, నా నెత్తురు మంచిగున్నదా లేదా నోటితోనన్న చెప్పు."

"జర ఆగవ్వా, చూస్తున్న" అని అక్క నోటుబుక్కు తిప్పింది. నెంబరు ఉంది. ఫోల్డర్లో మెయిలు లేదు. సెంటరు వాళ్లు మళ్లీ పంపారు, అవ్వకు సాయంత్రానికి కాగితం అందింది. కానీ మాట మా సారు దాకా పోయింది. ల్యాబు ఆయనదే. ఆయన కోపం అరుపుల్లో ఉండదు, లెక్కలో ఉంటుంది.

"నోటుబుక్కుల రాసినవంటే మెయిలు వచ్చినట్టే గదమ్మా. వచ్చినంక పోయిందంటే నీ చేతులకెల్లే పోయింది" అన్నాడు.

"నేను డిలీటు కొట్టలే సార్."

"నువ్వు కొట్టకుంటె అదే కొట్టుకున్నదా?"

తను నిజాయితీగా రాసుకున్న నోటుబుక్కే ఆమె మీద సాక్ష్యమైంది. శనివారం మధ్యాహ్నం సారు తేల్చేశాడు. సోమవారం నుంచి అక్క వెనక గదిలో పరీక్ష గొట్టాలు కడిగే దగ్గర ఉండాలి. టేబులుకు కొత్త మనిషి వస్తుంది. జీతం ఎక్కడికీ పోదు.

సారు వెళ్లాక అక్క కీబోర్డు మీద గుడ్డ కప్పింది. నాతోనే అన్నట్టు కాకుండా అంది: "మా ఊరోళ్లకు నేను రిపోర్టుల అక్కను. ఎవలకు జరమొచ్చినా నాకే ఫోను. ఇగ ఏం చెప్పాలె? నేను కాయితాలు పోగొట్టిన్నని చెప్పాల్నా?"

నాకు ఏ చిక్కు వచ్చినా కాగితం మీద వరుసగా రాసుకునే అలవాటుంది. ఆ రోజు మూడు కారణాలు రాశాను. ఒకటి, అక్క పొరపాటు. రెండు, నెట్టు సరిగా లేకపోవడం. మూడు, నా ప్రోగ్రాం. మూడోదాన్ని రాసిన వెంటనే కొట్టేశాను. ఎందుకంటే ప్రోగ్రాంలో నేను తాళం వేశాను.

ఈ తాళం గురించి ఇక్కడ చెప్పాలి. నా ప్రోగ్రాం ఫైలును చదివి, సర్ది, ఖాళీ చేసేసరికి మా పాత కంప్యూటరుకు, ఫొటోలు ఎక్కువుంటే, అర నిమిషం దాకా పడుతుంది. ఆ అర నిమిషంలో ఇంకెవరైనా అదే ఫైలు చివర కొత్త ఉత్తరం అతికిస్తే? నా ప్రోగ్రాం దాన్ని చదివి ఉండదు, అయినా ఖాళీ చేసేటప్పుడు దాన్నీ తుడిచేస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు ఫైలు నా చేతిలో ఉందని కంప్యూటరుకు చెప్పి తాళం వేసుకోవాలి. ఇంకొకరు వస్తే నా పని అయ్యేదాకా ఆగుతారు. కాలేజీలో నేర్చుకున్నదే. పరీక్షించి కూడా చూశాను. నా ప్రోగ్రామునే రెండుసార్లు ఒకేసారి నడిపాను. ఒకటి పనిచేస్తుంటే రెండోది బుద్ధిగా ఆగింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

శనివారం రైలెక్కి ఇంటికి పోయాను. మా తండా గార్ల దగ్గర. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీలో, ఇక్కడ తెలుగులోకి మార్చి రాస్తున్నాను. మా మిరప చేనుకూ, పక్కనున్న మా చిన్నాయన కాక చేనుకూ ఒకటే బోరు. దానికొక కట్టుబాటు ఉంది. నీళ్లు పెట్టుకునేవాడు స్టార్టరు డబ్బా కొక్కేనికి తన తువ్వాల తగిలించిపోతాడు. తువ్వాల ఉన్నంతసేపు రెండోవాడు మోటారు ముట్టడు, కాలువ ముట్టడు. ఎవరి తువ్వాల ఎవరిదో అందరికీ తెలుసు. బాపుది, అంటే మా నాన్నది, ఎర్రంచు తెల్లది. నిజానికి తువ్వాల ఎవర్నీ పట్టి ఆపదు, గాలికి ఊగే గుడ్డ. అయినా నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి దాన్ని దాటినవాణ్ని చూడలేదు.

ఆ ఏడాది మా కాక కట్టడం పనికి హైదరాబాద్ పోయాడు. ఆయన చేను అల్లుడు చూసుకుంటున్నాడు. నాకు బావ. చిట్యాల దిక్కు తండా ఆయనది, మా దగ్గరికి వచ్చి నెల కూడా కాలేదు.

ఆదివారం పొద్దున బాపు తువ్వాల తగిలించి, నీళ్లు మా చేనుకు మలిపి, పార భుజాన వేసుకుని చివరి సాళ్ల దాకా నడిచాడు. నేనూ వెంట ఉన్నాను. కాసేపటికి సాళ్లలో నీళ్లు సన్నబడ్డాయి, ఆగిపోయాయి. మోటారు చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. కాలువ వెంట వెనక్కి వచ్చి చూస్తే మా చేనులోకి నీళ్లొచ్చే మడవకు మట్టి కట్ట పడి ఉంది. నీళ్లన్నీ బావ చేనులోకి పోతున్నాయి. కాలువ గట్టున బావ పార నిటారుగా గుచ్చి ఉంది, బావ దాని పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"అల్లుడా, ఏం పని గిది?" అన్నాడు బాపు.

"నీళ్లు కడుతున్న మామా."

"తువ్వాల కనవడలేదా?"

"కనవడ్డది. మంచి తువ్వాల. ఎవలో మర్చిపోయిండ్రనుకున్న. మొఖం గుడ తుడుసుకున్న."

నాకు నవ్వాగలేదు.

"నవ్వుతవేంది బామ్మర్దీ" అని బావ లేచాడు. "మా దిక్కు నీళ్లు కట్టేటోడు మడవ కాడ పార గుచ్చి పోతడు. పార లేకుంటె నీళ్లు ఖాళీ అన్నట్టు. నేనొచ్చి చూసిన, పార లేదు. నా పార గుచ్చిన. తప్పేమున్నది?"

"పార నా భుజం మీదున్నది" అన్నాడు బాపు.

"గదే నీ తప్పు మామా."

ఇద్దరూ కట్టుబాటు తప్పనివాళ్లే. బాపు మా తండా కట్టుబాటు పాటించాడు, బావ వాళ్ల తండాది పాటించాడు. సగం తడిసింది మా చేను, సగం తడిసింది బావ చేను.

చివరికి బాపే తేల్చాడు. "ఇయ్యాల్టి సంది రెండూ పెట్టాలె. ముందుగాల తువ్వాల, తర్వాత పార. రెండుంటేనే నీళ్లు."

"మరి చేన్లకు పోయి దేంతోని మట్టి తీస్తవ్ మామా, చేతులతోనా?"

"నీ పార ఇస్తవ్. అల్లునివి గద."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మా కంప్యూటర్లో బయటి నుంచి వచ్చే ఉత్తరాన్ని తెచ్చి ఫైలులో అతికించేది వేరే ప్రోగ్రాం. నేను రాసింది కాదు, నాకన్నా పాతది. అది ఫైలు పక్కనే ఒక చిన్న ఖాళీ ఫైలు పెట్టి, తన పని అయ్యాక తీసేస్తుంది. అది దాని తువ్వాల. నేనేమో కంప్యూటరును అడిగి తాళం వేసుకుంటున్నాను. అది నా పార. అది నా పార వైపు చూడదు, నేను దాని తువ్వాల వైపు చూడలేదు. నేను పరీక్షించింది నా ప్రోగ్రామును నా ప్రోగ్రాముతోనే. అంటే ఒకే తండా వాళ్లను ఇద్దర్ని నిలబెట్టి, కట్టుబాటు బాగానే ఉందని సంబరపడ్డాను.

అయినా అది అనుమానమే. రుజువు కావాలి. సోమవారం పొద్దున బండికి బయలుదేరి, తొమ్మిది దాటేసరికి ల్యాబుకు చేరాను. అక్క అప్పటికే వచ్చి టేబులు సొరుగు ఖాళీ చేస్తోంది. నోటుబుక్కు ఇమ్మన్నాను.

"దీన్ని గుడ గుంజుకుంటరా?"

"ఇయ్యక్కా, నీ పుణ్యముంటది."

మాయమైన ప్రతి నెంబరు కింద ఆమె ముందే గీత పెట్టుకుంది. గీత ఉన్న టైములు ఒక్కొక్కటే చదివాను. పది నలభై. పదకొండు ఐదు. పదకొండు ఇరవై. పది యాభై ఐదు. పన్నెండు. గీత లేనివి పది నలభై రెండు, పదకొండు ఏడు, పదకొండు పద్దెనిమిది, ఇలా ఎట్లాపడితే అట్లా ఉన్నాయి. పోయినవి మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా సున్నాతోనో ఐదుతోనో ముగిశాయి. నా ప్రోగ్రాం లేచే నిమిషాలు అవి. తెచ్చే ప్రోగ్రాం ఉత్తరం అతికించింది, టింగుమంది, అక్క రాసుకుంది. ఆ అర నిమిషం ముగిసేసరికి నా ప్రోగ్రాం దాన్ని తుడిచేసింది.

పదకొండేళ్లుగా గడియారం చూసి ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి కాకపోతే ఇది ఎప్పటికీ తేలేది కాదు. పది నలభై రెండును పది నలభై అని రాసే మనిషైతే ఆ గీతలకు విలువే లేదు.

"అక్కా, తప్పు నీది కాదు. నాది. నా ప్రోగ్రామే తినేసింది" అన్నాను.

ఆమె నోటుబుక్కు వైపూ, నా వైపూ చూసింది. "అంటే తమ్మీ, చేను మేసింది నువ్వు, బందెలదొడ్లె వడ్డది నేను."

"అవునక్కా."

"సారుకు నువ్వే చెప్తవా?"

"నేనే చెప్త."

సారు ముందు చెప్పడం సులువు కాలేదు. అయినా అందరూ ఉన్నప్పుడే చెప్పాను, నోటుబుక్కు తెరిచి టైములు చూపిస్తూ. ఎందుకంటే శనివారం ఆమెను అన్నది కూడా అందరూ ఉన్నప్పుడే. సారు గీతలున్న టైములన్నీ తానే ఇంకోసారి చదివాడు. లెక్క కుదిరింది.

"తాళం ఏసిన్నంటివి గదయ్యా?"

"ఏసిన సార్. మెయిళ్లు వచ్చే తలుపు వేరే, నేను ఏసిన తలుపు వేరే."

"రెండు దినాలు ఇస్తున్న. గప్పటిదాంక ఆమె ఆడ్నే కూసుంటది. మళ్ల ఒక్కటి పోతె ఇద్దరి సంగతి చూస్త" అని లోపలికి పోయాడు.

ముందు నా ప్రోగ్రాం ఆపేశాను. అక్క పాత పద్ధతిలో చేత్తో సర్దింది. ఆ రోజంతా ఒక్క మెయిలు పోలేదు. నేను పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి రాశాను. రాసే ముందు కాగితం మీద వరుస పెట్టుకున్నది ఇది:

1. ముందు తువ్వాల, తర్వాత పార. ఎప్పుడూ ఇదే వరుస.
2. తువ్వాల ఉందా అని చూడడం, లేదంటే తగిలించడం రెండు పనులు కాకూడదు. రెంటి మధ్యలో ఇంకొకడు తగిలిస్తాడు. "ఇప్పటికే ఉంటే పెట్టకు" అని ఒకే దెబ్బలో అడగాలి.
3. తువ్వాల దొరికి పార దొరక్కపోతే, తువ్వాల కూడా తీసేసి పక్కకు జరగాలి. సగం పట్టుకుని కూర్చోకూడదు.
4. రెండూ చేతికొచ్చాకే ఫైలు చదవాలి. ముందు చదివింది పాతదైపోయి ఉంటుంది.
5. అటు ఫోల్డర్లో పడిందని, డిస్కు మీదికి ఎక్కిందని తెలిశాకే ఇటు తీసెయ్యాలి. మధ్యలో ఏమన్నా అయితే ఒక ఉత్తరం రెండుసార్లు ఉంటుంది. ఉండనీ. ఒకటి పోవడం కన్నా అది నయం.
6. పని చెడినా సరే, వెళ్లేటప్పుడు రెండూ తీసేసే వెళ్లాలి.

ఏడోది నాకు తోచలేదు. మంగళవారం కరెంటే దాన్ని నేర్పింది. పరీక్ష మొదలుపెట్టగానే కరెంటు పోయింది. మా యూపీఎస్ పేరుకే ఉంది, కంప్యూటరు ఒక్కసారిగా ఆరిపోయింది. మళ్లీ వచ్చాక చూస్తే నా ప్రోగ్రాం లేదు, దాని తువ్వాల మాత్రం అట్లాగే వేలాడుతోంది. తెచ్చే ప్రోగ్రాం దాన్ని చూసి, ఉత్తరాలు పట్టుకుని బయటే నిలబడిపోయింది. ఏవీ పోలేదు, కానీ ఏవీ లోపలికి రాలేదు. తండాలో ఇట్లాంటప్పుడు ఏం చేస్తారో నాకు తెలుసు. తువ్వాల అంచు చూసి ఎవరిదో గుర్తుపడతారు. మనిషి ఊళ్లో ఉంటే కబురు పెడతారు, తామే తీయరు. మనిషి ఊళ్లోనే లేడని తేలితే అప్పుడు తీస్తారు. నేనూ అదే చేశాను. నడిచే ప్రతి ప్రోగ్రాముకూ కంప్యూటరు ఒక నెంబరు ఇస్తుంది. తువ్వాల ఫైలులో నా ప్రోగ్రాం ఆ నెంబరు రాసేలా మార్చాను. లేవగానే పాత తువ్వాల కనిపిస్తే దాని నెంబరు చూస్తుంది. ఆ నెంబరు నా ప్రోగ్రాందే అయి, అది ఇప్పుడు నడవడం లేదని తేలితేనే తీస్తుంది. వేరేవాళ్లదైతే ముట్టదు.

ఆ తర్వాత అసలు పరీక్ష. భూపాలపల్లి సెంటరులో పనిచేసే అన్నకు ఫోను చేసి, పెద్ద ఫొటోలతో ఉత్తుత్తి మెయిళ్లు, సరిగ్గా సున్నా, ఐదు నిమిషాలు కొట్టగానే పంపమన్నాను. బుధవారం పొద్దున పదింటికి మొదలుపెట్టాం.

పదకొండున్నరకు ఆయన నుంచి ఫోను. "తమ్మీ, గడియారం చూసి చూసి మెడ పట్టింది. ఇంకెన్ని?"

"మధ్యాహ్నం దాంక అన్నా."

"పేషెంట్లు నన్ను చూసి నవ్వుతున్రు. ఈయనకేమన్న అయ్యిందా అంటున్రు."

"ఇంకో ముప్ఫై పంపన్నా, చాయ్ నాది."

"భూపాలపల్లికి వచ్చి తాపుతవా, ఫోన్ల తాపుతవా?"

అక్క ఒక్కో నెంబరు రాస్తోంది. నేను ఆమె పక్కన నిలబడి, ఆ అర నిమిషం ఊపిరి పట్టి, ఫోల్డరు తెరిచి చూస్తున్నాను. పదకొండు ముప్ఫై ఐదు, ఉంది. పదకొండు నలభై, రెండొచ్చాయి, రెండూ ఉన్నాయి. నా ప్రోగ్రాం లేచి తువ్వాల ఉందని చూసి ఆగడం, తెచ్చే ప్రోగ్రాం నా తువ్వాల చూసి ఆగడం, రెండూ తెర మీద వరుస వరుసగా కనిపించాయి. ఎవరూ కొట్లాడుకోలేదు. బాపూ బావా అప్పటికి అక్కడ ఎట్లా చేస్తున్నారో గానీ ఇక్కడ మాత్రం వంతు తప్పలేదు. ఒంటిగంట దాకా పంపిన మెయిళ్లూ, నోటుబుక్కులో నెంబర్లూ, ఫోల్డర్లో ఉత్తరాలూ మూడూ ఒకటే లెక్కకు వచ్చాయి.

సారును పిలిచి చూపించాం. ఆయన నోటుబుక్కు చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పాడు. "గిసొంటి బుక్కులు ఇంకో రెండు తెప్పియ్యి. ఆ రెండు సెంటర్ల గుడ రాయాలె. ఎట్ల రాయాల్నో నువ్వే చెప్పమ్మా వాళ్లకు" అన్నాడు అక్కతో. శనివారం అన్న మాట గురించి ఏమీ అనలేదు. కొత్త మనిషిని భూపాలపల్లికి పంపాడు. అది ఆయన పద్ధతిలో క్షమాపణ అని అక్కే అంది. నేనైతే నోటితో చెప్పాను. ఆమె విని, "సరే తియ్, పోయి గా చాయ్ తెప్పియ్" అంది. సొరుగులోంచి తీసినవన్నీ మళ్లీ సొరుగులోకి చేరాయి.

తర్వాతి ఆదివారం బాపుకు ఇదంతా చెప్పాను. మడవ దగ్గర పార గుచ్చి ఉంది, డబ్బా మీద ఎర్రంచు తువ్వాల ఉంది. "అంటే మీ కంప్యూటర్ల గుడ తువ్వాలలేనా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి గంత చదువు ఎందుకు చదివినవ్?" అన్నాడు, మీసాల కింద నవ్వు దాచుకుంటూ. నేను రాసినవాటన్నిటిలో నాకు పేరు పెట్టుకోవాలనిపించే ప్రోగ్రాం అదొక్కటే. చదువూ తువ్వాలా రెండూ ఉన్నాయి అందులో.

ఇప్పటికీ గోడ గడియారంలో నిమిషాలు సున్నా దగ్గరికో ఐదు దగ్గరికో వచ్చినప్పుడు టింగుమంటే, నేను ఏ మూల ఉన్నా చేతిలో పని ఆగుతుంది. అక్కకు అది తెలుసు. నెంబరు రాసి, ఫోల్డరు తెరిచి చూసి, ల్యాబంతా వినపడేటట్టు ఒకే మాట అంటుంది.

"ఉన్నది తమ్మీ."